మనిషికి ఒక డాలర్: ఒక కాలితో పరుగెత్తిన టెర్రీ ఫాక్స్, ఆగిపోని వాళ్ల కుటుంబం

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక్కసారి మీ ఫోన్‌లో వాట్సాప్ స్టేటస్‌లు గుర్తు తెచ్చుకోండి. వారానికి ఒకటైనా కనిపిస్తుంది కదా? ఒక చిన్నపిల్లాడి ఫోటో, పక్కన ఆస్పత్రి వాళ్లిచ్చిన ఎస్టిమేట్ కాగితం, కింద క్యూఆర్ కోడ్. మనం ఐదొందలో వెయ్యో కొడతాం, పది మందికి ఫార్వర్డ్ చేస్తాం. ఆ డబ్బు ఆ ఒక్క పిల్లాడి కోసం. అది అవసరమే, నేను కాదనను. కానీ ఇవాళ చెప్పబోయే కుటుంబం అడిగిన డబ్బు వాళ్లబ్బాయి వైద్యం కోసం కాదు. వాళ్లుండే కెనడాలో ఆస్పత్రి ఖర్చు ప్రభుత్వ బీమాయే చూసుకుంటుంది. వాళ్లు అడిగింది పరిశోధన కోసం. అంటే ఇంకా జబ్బు రాని, ఇంకా పుట్టని మనుషుల కోసం. అలాంటి దానికి జనం డబ్బులిస్తారా? ఫోటో లేదు, ఎస్టిమేట్ లేదు, ఎప్పుడు ఫలితం వస్తుందో తెలీదు. అయినా ఇచ్చారు. ఎలా ఇచ్చారన్నదే ఇవాళ్టి కథ. ఇందులో మన భీమవరం కూడా వస్తుంది. ఎక్కడ వస్తుందో చూస్తూ ఉండండి.

అబ్బాయి పేరు టెర్రీ ఫాక్స్. 1958 జులై 28న కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టాడు. నాన్న రోలీ రైల్వే ఉద్యోగి. అమ్మ బెట్టీ. నలుగురు పిల్లలు: అన్న ఫ్రెడ్, తర్వాత టెర్రీ, తమ్ముడు డారెల్, చెల్లెలు జూడిత్. టెర్రీ చిన్నప్పుడే కుటుంబం దేశానికి పశ్చిమాన ఉన్న బ్రిటిష్ కొలంబియాకి మారిపోయి, పోర్ట్ కోక్విట్లం అనే ఊళ్లో స్థిరపడింది. మధ్యతరగతి ఇల్లు. అమ్మానాన్నలది గట్టి క్రమశిక్షణ. పిల్లలేమో నాలుగు మొండి ఘటాలు.

ఆ మొండితనం గురించి ఒక్క ముక్క చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. ఎనిమిదో తరగతిలో టెర్రీకి బాస్కెట్‌బాల్ పిచ్చి. మనిషేమో పొట్టి, ఆటేమో అంతంతమాత్రం. నువ్వు వేరే ఆట చూసుకో నాయనా అన్నాడు స్కూల్ కోచ్. వీడు వినలేదు. పొద్దున్నే స్కూల్‌కి పోయి ప్రాక్టీస్, సాయంత్రం మళ్లీ ప్రాక్టీస్. పన్నెండో తరగతికి వచ్చేసరికి స్కూల్లో ఉత్తమ క్రీడాకారుడి అవార్డు ఇద్దరికి కలిపి ఇస్తే అందులో ఒకడు టెర్రీ, రెండోవాడు వాడి ప్రాణ స్నేహితుడు డగ్ ఆల్వర్డ్. డగ్ పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో చేరి అక్కడ కూడా జూనియర్ టీమ్‌లో చోటు సంపాదించాడు.

1976 నవంబర్‌లో కారు నడుపుతూ ముందున్న ట్రక్‌ని గుద్దాడు. పెద్దగా ఏమీ కాలేదు, కుడి మోకాలు మాత్రం కాస్త నొప్పి. ఆ నొప్పి పోతూ వస్తూ ఉంది. బాస్కెట్‌బాల్ సీజన్ పాడవుతుందని వీడు పట్టించుకోలేదు. 1977 మార్చికి భరించలేనంత అయ్యింది. పరీక్షలు చేస్తే ఆస్టియోసార్కోమా అని తేలింది. ఎముకలో వచ్చే క్యాన్సర్. ఎక్కువగా టీనేజ్ పిల్లల్లోనే కనిపిస్తుంది, మోకాలి దగ్గరే ఎక్కువగా మొదలవుతుంది. యాక్సిడెంట్ వల్లే వచ్చిందని టెర్రీ నమ్మాడు, డాక్టర్లు మాత్రం రెండింటికీ సంబంధం లేదన్నారు. ఇది మన ఇళ్లల్లో కూడా జరిగేదే. ఫలానా రోజు దెబ్బ తగిలింది, అందుకే వచ్చింది అని ఏదో ఒక కారణం దొరికితే గానీ మనసు ఊరుకోదు.

మార్చి 9న కుడి కాలు మోకాలికి పైవరకు తీసేశారు. వయసు 18. ముందురోజు రాత్రి స్కూల్ కోచ్ ఒకాయన రన్నర్స్ వరల్డ్ పత్రిక తెచ్చిచ్చాడు. అందులో డిక్ ట్రామ్ అనే అమెరికన్ గురించి వ్యాసం. ఒక కాలు లేకుండా న్యూయార్క్ మారథాన్ పూర్తిచేసిన మొదటి మనిషి ఆయన. రేపు కాలు పోబోతున్న కుర్రాడికి ఇవ్వడానికి ఇంతకంటే మంచి వస్తువు ఏముంటుందో నాకైతే తట్టడం లేదు.

తర్వాత 16 నెలల కీమోథెరపీ. టెర్రీని నిజంగా మార్చింది కాలు పోవడం కాదు, ఆ వార్డు. పక్క మంచాల మీద తన వయసు వాళ్లు, తనకంటే చిన్నవాళ్లు. కొందరు ఇంటికి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. అక్కడే ఒక లెక్క వాడి బుర్రలో ఉండిపోయింది. నీకు బతికే అవకాశం 50 శాతం అని డాక్టర్లు చెప్పారు. రెండేళ్ల కింద ఇదే జబ్బుతో వచ్చుంటే 15 శాతం అనేవాళ్లం అని కూడా చెప్పారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 15 నుంచి 50కి. మధ్యలో ఏం జరిగింది? ఇక్కడే మన భీమవరం వస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్న వయసులోనే ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి క్షీణించే జబ్బు అది. సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివారు. గాంధీగారి పిలుపు మీద ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్లినందుకు ప్రొఫెసర్ కోపం తెచ్చుకోవడం, ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికి రావడం మీరు వినే ఉంటారు. తర్వాత అమెరికా వెళ్లాలి, చేతిలో డబ్బు లేదు. మామగారి సాయం కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చినది కొంత. అలా ఓడెక్కారు. అంటే ఇది కూడా ఒక రకం ఫండ్‌రైజింగే. కాకినాడలో ఇచ్చిన ఆ డబ్బు ఎక్కడిదాకా పోయిందో చూడండి.

ఆయన హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన స్ప్రూకి పనిచేసే మందు అదే. కానీ కథ అక్కడితో ఆగలేదు. కణం విభజన జరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణానికి విభజనే పని కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. చూడ్డానికి అచ్చం ఫోలిక్ యాసిడ్ లాగే ఉండి, పని మాత్రం చేయని అణువుని ఇస్తే? తాళంలో దూరి తిరగని డూప్లికేట్ తాళంచెవి లాగా. ఆ బృందం తయారుచేసిన అలాంటి మందుల్లో ఒకటి అమినోప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ అమినోప్టెరిన్‌ని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ పేపర్ అచ్చయ్యింది. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్ల వయసులో.

1970ల మొదట్లో అదే బోస్టన్‌లో డాక్టర్లు ఎముక క్యాన్సర్ మీద మెథోట్రెక్సేట్‌ని చాలా పెద్ద మోతాదులో వాడటం మొదలుపెట్టారు. మామూలుగా అంత మోతాదు ఇస్తే మనిషే పోతాడు. అందుకని కొన్ని గంటల తర్వాత ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇచ్చి మంచి కణాల్ని కాపాడేవారు. ఇదీ, అడ్రియామైసిన్ అనే ఇంకో మందూ కలిసి ఆ జబ్బు లెక్కల్ని మార్చేశాయి. టెర్రీకి డాక్టర్లు చెప్పిన 50 శాతం వెనక ఉన్నది ఇదీ. కాకినాడ ధర్మసంస్థ వాళ్లకి టెర్రీ ఎవరో తెలియదు, తెలిసే వీలే లేదు. పరిశోధనకి ఇచ్చే డబ్బు అంటే నేను చెప్తున్నది ఇదే. ఎవరి దగ్గరికి చేరుతుందో ఇచ్చినవాడికి తెలీదు.

సరే, కెనడాకి తిరిగొద్దాం.

టెర్రీకి ఆ లెక్క తెలిసింది. దానితో పాటు తన దేశంలో క్యాన్సర్ పరిశోధనకి ఎంత తక్కువ ఖర్చు పెడుతున్నారో కూడా తెలిసింది. కోపం వచ్చింది. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ఆడుతూనే, కృత్రిమ కాలితో పరుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆ కాళ్లు నడవడానికి చేసినవి, పరుగుకి కాదు. ఇప్పటి బ్లేడ్ కాళ్లు ఊహించుకోకండి. దాని స్ప్రింగ్ మళ్లీ స్థానంలోకి వచ్చేదాకా మంచి కాలితో రెండుసార్లు గెంతాలి. ఇంటర్నెట్‌లో పాత వీడియోలు చూడండి, ఆ హాప్-హాప్-అడుగు లయ ఒకసారి చూస్తే మర్చిపోలేరు. కాలు తీసేసిన చోట పుళ్లు, రక్తం. ఇరవై నిమిషాలు దాటితే నొప్పి మొద్దుబారుతుందని అనేవాడు.

14 నెలలు అలా ట్రెయినింగ్. ఇంట్లో మాత్రం వాంకోవర్ మారథాన్ కోసం అని చెప్పాడు. 1979 ఆగస్టులో ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్లో 27 కిలోమీటర్ల పందెంలో పరుగెత్తాడు. అందరికంటే చివర వచ్చాడు, తనకి ముందున్న వాడి కంటే పది నిమిషాలు వెనక. జనం కళ్లనీళ్లతో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతే ఇంట్లో అసలు విషయం చెప్పాడు: కెనడా ఈ చివరి నుంచి ఆ చివరికి, రోజుకో మారథాన్ చొప్పున పరుగెత్తుతా, క్యాన్సర్ పరిశోధనకి డబ్బు పోగుచేస్తా.

బెట్టీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమేంటి, మండిపడింది. కాలు పోయిన కొడుకు ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడు, ఇదేం పిచ్చి? నాన్న రోలీ కొడుకు సంగతి తెలిసినవాడు కాబట్టి, ఎప్పుడు బయల్దేరుతున్నావ్ అని మాత్రం అడిగాడట. బెట్టీ గురించి చదివినప్పుడు నాకు మన అమ్మలే గుర్తొచ్చారు. వద్దని గొడవపడ్డ ఆవిడే తర్వాత ఆ పరుగుని ముప్పై ఏళ్లు మోసింది. అది తర్వాత.

1979 అక్టోబర్‌లో టెర్రీ కెనడియన్ క్యాన్సర్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వార్డులో చూసిన ముఖాలు తన వెంటే ఉన్నాయనీ, ఈ బాధ ఎక్కడో ఒకచోట ఆగాలనీ దాని సారాంశం. వాళ్లకి నమ్మకం కలగలేదు. ముందు స్పాన్సర్లని చూసుకో, గుండె డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తే అన్నారు. ఎందుకంటే టెర్రీకి గుండె గోడ మందంగా ఉన్న సమస్య అంతకుముందే బయటపడింది. డాక్టర్ అయిష్టంగానే సరే అన్నాడు, గుండెకి ఏ తేడా చేసినా ఆపేస్తానని టెర్రీ దగ్గర మాట తీసుకుని. ఫోర్డ్ వ్యాన్ ఇచ్చింది, ఇంపీరియల్ ఆయిల్ పెట్రోల్ ఇచ్చింది, అడిడాస్ షూస్ ఇచ్చింది. కానీ మా సరుకు గురించి రెండు ముక్కలు చెప్పమన్న కంపెనీలని టెర్రీ వెనక్కి పంపేశాడు. ఈ పరుగు వల్ల ఎవరికీ లాభం రాకూడదు అన్నది వాడి రూల్.

ఈ రూల్ నాకు ఎందుకు నచ్చిందంటే, నేను జాబ్ చేసే రోజుల్లో ఒక క్యాన్సర్ అవేర్‌నెస్ వాక్‌కి వెళ్లాను. టీషర్ట్ మీద ముందు కంపెనీ లోగో, వెనక ఇంకో కంపెనీ లోగో, చేతి మీద డ్రింక్ కంపెనీ లోగో. క్యాన్సర్ అన్న మాట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. సరే, వదిలేద్దాం.

1980 ఏప్రిల్ 12. దేశానికి తూర్పు చివర సెయింట్ జాన్స్. కృత్రిమ కాలిని అట్లాంటిక్ సముద్రంలో ముంచి, రెండు సీసాల్లో ఆ నీళ్లు పట్టుకున్నాడు. ఒకటి గుర్తుగా దాచుకోవడానికి, రెండోది అటు చివర పసిఫిక్‌లో పోయడానికి. వ్యాన్ నడిపేది, వంట చేసేది డగ్. మొదటి రోజుల్లో ఈదురుగాలి, వాన, మంచు తుఫాను. పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరికి వచ్చేసరికి, పది వేల జనాభా ఉన్న ఆ ఊరు పది వేల డాలర్లు పోగుచేసి ఇచ్చింది. మనిషికి ఒక డాలర్. తర్వాత దేశమంతా మారుమోగిన లెక్కకి ఇదే మొదటి శాంపిల్ అని నాకనిపిస్తుంది.

అయితే వ్యాన్‌లో పరిస్థితి వేరు. ఇరవై ఒక్కేళ్ల కుర్రాళ్లిద్దరు. ఒకడు రోజంతా నొప్పితో పరుగెత్తి చిరాకుగా వస్తాడు, ఇంకొకడు రోజంతా వాడి వెనకే నెమ్మదిగా డ్రైవ్ చేస్తాడు. ప్రాణ స్నేహితులకే మాటల్లేకుండా పోయాయి. అమ్మానాన్న హాలిఫాక్స్ దాకా వెళ్లి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత 17 ఏళ్ల తమ్ముడు డారెల్, స్కూల్ చివరి సంవత్సరం సంబరాలు వదులుకుని వ్యాన్ ఎక్కాడు. వాడి ముఖ్యమైన డ్యూటీ వీళ్లిద్దరి మధ్య కూర్చోవడం. చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి డ్యూటీలకి పెద్దగా చోటుండదు గానీ, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చినప్పుడు ఈ పని చేసేవాళ్లు ఒకరు లేకపోతే ఇల్లు నడవదు.

క్యూబెక్‌లో మరీ కష్టమైంది. అక్కడ భాష ఫ్రెంచి, వీళ్లకి రాదు. డ్రైవర్లు హారన్లు కొట్టి రోడ్డు పక్కకి నెట్టేవారు. మాంట్రియల్ చేరేసరికి మూడో వంతు దారి అయ్యింది, వచ్చింది రెండు లక్షల డాలర్లు.

ఇక్కడ ఇంకో కుటుంబం కథలోకి వస్తుంది. ఫోర్ సీజన్స్ హోటళ్ల యజమాని ఇసడోర్ షార్ప్. 1978లో ఆయన టీనేజ్ కొడుకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో పోయాడు. టెర్రీ గురించి విని, హోటల్‌లో బస, భోజనం ఏర్పాటు చేశాడు. అంతటితో ఆగకుండా, మైలుకి రెండు డాలర్లు నేనిస్తా, మీరూ ఇవ్వండని ఇంకో 999 కంపెనీలకి సవాలు విసిరాడు. జనం ఇవ్వడం లేదని నీరసపడి ఉన్న టెర్రీకి ఇది సరైన టైంలో తగిలింది. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి కాబట్టే ఆ టైమింగ్ ఆయనకి తెలిసిందేమో.

ఒంటారియోలో అడుగుపెట్టగానే సీన్ మారిపోయింది. బ్యాండు మేళాలు, రోడ్డుకి రెండు వైపులా జనం. జులై 1 కెనడా డే నాడు ఒట్టావాలో ఉన్నాడు, ప్రధాని పియరీ ట్రూడోని కలిశాడు. జులై 11న టొరంటోలో సిటీ హాల్ ముందు పది వేల మంది. ఆ ఒక్కరోజే లక్ష డాలర్లు. మొదట పది లక్షల డాలర్లు అనుకున్న లక్ష్యం కోటికి పెరిగి, చివరికి రెండు కోట్ల నలభై లక్షల కెనడియన్లు, ఒక్కొక్కరికి ఒక్క డాలర్ అన్న దగ్గర ఆగింది.

ఒక విమర్శ కూడా చెప్పాలి. టెర్రీ మధ్యలో డాక్టర్ల చెకప్‌లకి ఒప్పుకోలేదు. కాలి మీద తిత్తులు, చీలమండ వాపు, తల తిరగడం, అయినా ఆపేవాడు కాదు. పుట్టినరోజు నాడు కూడా పరుగెత్తాడు. దీన్ని మనం ఇన్‌స్పిరేషన్ రీల్ లాగా మ్యూజిక్ వేసి చూసేస్తాం. కానీ ఇంట్లో కూర్చుని టీవీలో దాన్ని చూస్తున్న అమ్మ ఉంది కదా. నా వరకు ఈ భాగం చూస్తుంటే గర్వం కంటే భయమే ఎక్కువ వేస్తుంది.

సెప్టెంబర్ 1, థండర్ బే ఊరి బయట. దగ్గు ఆగడం లేదు, ఛాతీలో నొప్పి. రోడ్డు పక్కన జనం ఉన్నారని వాళ్లని దాటేదాకా పరుగెత్తి, తర్వాత వ్యాన్ ఎక్కి, ఆస్పత్రికి తీసుకెళ్లమని డగ్‌కి చెప్పాడు. క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి వచ్చేసింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ నుంచి విజయవాడకి దాదాపు 20 సార్లు. భాగిస్తే రోజుకి 37 కిలోమీటర్ల పైనే. మరుసటి రోజు స్ట్రెచర్ మీద పడుకుని విలేకర్లతో మాట్లాడాడు, పక్కన అమ్మానాన్న. అప్పటిదాకా వచ్చింది 17 లక్షల డాలర్లు.

ఇక్కడ చాలామంది, నీ బదులు మేం మిగతా దూరం పరుగెత్తుతాం అన్నారు. టెర్రీ వద్దన్నాడు. వీలైతే తనే పూర్తిచేస్తానన్నాడు. వారం తర్వాత సీటీవీ ఛానెల్ ఐదు గంటల లైవ్ ప్రోగ్రాం పెట్టింది. ఒక్క రాత్రిలో ఒక కోటీ ఐదు లక్షల డాలర్లు వచ్చాయి. స్కూలు పిల్లలు చిల్లర డబ్బాలు పట్టుకుని తిరిగారు. 1981 ఫిబ్రవరికి మొత్తం 2 కోట్ల 41 లక్షలు దాటింది. దేశ జనాభా 2 కోట్ల 41 లక్షలు. మనిషికి ఒక డాలర్, లెక్క సరిగ్గా సరిపోయింది. అప్పటికి టెర్రీ బతికే ఉన్నాడు, అది చూశాడు.

1981 జూన్ 28 తెల్లవారుజామున, కుటుంబం చుట్టూ ఉండగా పోయాడు. ఇంకో నెల ఉంటే 23 నిండేవి.

మామూలుగా ఇలాంటి కథలు ఇక్కడ అయిపోతాయి. విగ్రహం పెడతారు, రోడ్డుకి పేరు పెడతారు, రెండేళ్లకి జనం మర్చిపోతారు. ఇక్కడ అలా జరగలేదు, కారణం మళ్లీ ఆ రెండు కుటుంబాలే. టెర్రీ ఆస్పత్రిలో ఉండగానే షార్ప్ ఒక టెలిగ్రాం పంపాడు: నీ పేరు మీద ఏటా పరుగు పెడతాం, క్యాన్సర్‌కి మందు దొరికేదాకా ఆపం అని. టెర్రీ ఒప్పుకున్నాడు, షరతులతో. పోటీ ఉండకూడదు. గెలిచినవాడు, ఓడినవాడు ఉండకూడదు. పరుగెత్తేవాడు పరుగెత్తొచ్చు, నడిచేవాడు నడవొచ్చు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాడు రావొచ్చు. 1981 సెప్టెంబర్ 13న మొదటి టెర్రీ ఫాక్స్ రన్‌కి మూడు లక్షల మంది వచ్చారు, 35 లక్షల డాలర్లు వచ్చాయి.

అప్పట్నుంచి బెట్టీ దీన్ని తన పని చేసుకుంది. ఊరూరా తిరిగి స్కూళ్లలో పిల్లలతో మాట్లాడేది. స్పాన్సర్ల లోగోలు వద్దు అన్న కొడుకు రూల్‌ని ఒక్క అంగుళం కూడా కదలనివ్వలేదు. కొడుకు పేరు అమ్ముకుని డబ్బు ఎక్కువ తేవచ్చు కదా, పరిశోధనకే కదా పోతుంది అని ఎవరైనా వాదించొచ్చు. నేను ఇంజనీర్‌ని కాబట్టి నాకూ మొదట అదే అనిపిస్తుంది, ఇన్‌పుట్ పెరిగితే అవుట్‌పుట్ పెరుగుతుంది కదా అని. కానీ నలభై ఏళ్లకి పైగా జనం ఏటా వస్తున్నారంటే ఆ నమ్మకం వల్లే. టెర్రీ ఫాక్స్ ఫౌండేషన్ 1988లో సొంత సంస్థ అయ్యింది. తమ్ముడు డారెల్ కూడా అందులో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఇప్పటిదాకా పోగైంది 85 కోట్ల డాలర్లకి పైమాటే. 2007లో పరిశోధన కోసమే ఒక ఇన్‌స్టిట్యూట్ కూడా పెట్టారు. 2010 వాంకోవర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జెండా మోసిన ఎనిమిది మందిలో బెట్టీ ఒకరు. మరుసటి ఏడాది జూన్‌లో ఆవిడ పోయారు.

మన దేశంలో ఇలాంటివి లేవా అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారు, నాకు తెలుసు. ఉన్నాయి, అంతకు చాలా ముందే. 1931లో మెహర్‌బాయి టాటా లుకేమియాతో పోయారు. భర్త దొరాబ్జీ టాటా మరుసటి ఏడాదే ఆమె పేరుతో లేడీ టాటా మెమోరియల్ ట్రస్ట్ పెట్టారు, లుకేమియా పరిశోధనకి. దేశదేశాల శాస్త్రవేత్తలకి ఆ డబ్బు వెళ్లింది, ఇప్పటికీ వెళ్తోంది. కానీ అది సొంత డబ్బు, కోటీశ్వరుల ఇల్లు. హైదరాబాద్‌లో బసవతారకం ఆస్పత్రి మనకి తెలిసిందే. ఎన్టీఆర్ గారి భార్య బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో పోయారు, ఆమె పేరు మీద 2000లో ఆస్పత్రి తెరిచారు. అది వైద్యం కోసం. రైల్వే ఉద్యోగి ఇల్లు, జనం దగ్గర ఒక్కో డాలర్ అడిగి, అదంతా ల్యాబ్‌లకి పంపడం అనేది వేరే రకం పని.

మరి ఆ డబ్బుతో ఏమొచ్చింది? ఇది అడక్కుండా ఎపిసోడ్ ముగిస్తే మోసం అవుతుంది. టెర్రీకి వచ్చిన జబ్బు సంగతే చూద్దాం. ఇవాళ ఎముక క్యాన్సర్ వచ్చిన చాలామందికి కాలు తీసేయడం లేదు. చెడిపోయిన ఎముక భాగం తీసేసి, లోపల లోహపు భాగం పెట్టి కాలు నిలబెడుతున్నారు. ఆపరేషన్‌కి ముందే కీమో ఇస్తున్నారు. జబ్బు ఒకచోటే ఉన్నప్పుడు దొరికితే పదిమందిలో ఆరేడుగురు బతుకుతున్నారు. ఇది మంచి వార్త. చేదు వార్త ఏంటంటే, ఆ గ్రాఫ్ 1980ల్లో పైకి లేచి, ఆ తర్వాత దాదాపు అడ్డంగా సాగుతోంది. టెర్రీ లాగా ఊపిరితిత్తులకి పాకినవాళ్లకి ఇప్పటికీ కష్టమే. ఇప్పటికీ వాడే ముఖ్యమైన మందుల్లో మెథోట్రెక్సేట్ ఉంది, అడ్రియామైసిన్ ఉంది. అవే పాత మందులు. మరోపక్క పిల్లల్లో వచ్చే లుకేమియాలో, ఫార్బర్ రోజుల్లో కొన్ని నెలల ఊరట దొరికితే గొప్ప అనుకున్న చోట, మంచి వైద్యం అందితే ఇవాళ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఒక గ్రాఫ్ పైకి పోయింది, ఇంకోటి ఆగింది. ఏది కదులుతుందో ముందే తెలిస్తే దాన్ని పరిశోధన అనరు కదా.

కొంతమంది ఈ రన్ ఇండియాలో ఉందా అని అడుగుతారు. ముంబయిలో జరిగింది, చెన్నైలో ఐఐటీ మద్రాస్ క్యాంపస్‌లోనూ జరిగింది. టైమింగ్ చిప్ లేదు, మెడల్ లేదు. ఏ దేశంలో వచ్చిన డబ్బు ఆ దేశంలోని పరిశోధనకే వెళ్తుంది.

సుబ్బారావు గారి గురించి ఇవాళ పరుగులో చెప్పేశాను. ఆయన హార్వర్డ్ రోజుల గురించి, ఫిస్కేతో చేసిన పని గురించి, ఆయన పేరు ఎందుకు మరుగునపడిందో ఒక పూర్తి ఎపిసోడ్ చేయాలి. భీమవరం వాళ్లు ఎవరైనా చూస్తుంటే కామెంట్‌లో ఒక హాయ్ పెట్టండి. వచ్చే వారం కలుద్దాం, ఉంటా మరి.